కొలతకు చిక్కని అలసట: అమెరికా నల్లజాతి స్త్రీల మానసిక ఆరోగ్యంపై పరిశోధనల సమీక్ష

అమెరికాలోని నల్లజాతి ప్రజల మానసిక ఆరోగ్యాన్ని తెలుసుకునేందుకు జరిగిన విస్తృతమైన సర్వేలలో ఒకటి, మిషిగన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జేమ్స్ జాక్సన్ నాయకత్వంలో 2001-2003 మధ్య సాగిన ‘నేషనల్ సర్వే ఆఫ్ అమెరికన్ లైఫ్’. ఆరువేల మందికి పైగా వయోజనుల నుంచి సేకరించిన ఆ సమాచారాన్ని విశ్లేషించి డేవిడ్ విలియమ్స్, ఆయన సహపరిశోధకులు 2007లో ఒక పత్రం వెలువరించారు. తీవ్రమైన కుంగుబాటుకు, అంటే వారాల తరబడి మనిషిని పనికీ సంతోషానికీ దూరం చేసే డిప్రెషన్ వ్యాధికి, జీవితకాలంలో ఎప్పుడైనా లోనైనవారు తెల్లవారిలో 17.9 శాతం ఉండగా, కరీబియన్ దీవుల మూలాలున్న నల్లవారిలో 12.9 శాతం, ఆఫ్రికన్ అమెరికన్లలో 10.4 శాతం మాత్రమే ఉన్నారని ఆ పత్రం తేల్చింది. అయితే అందులోనే ఉన్న మరో లెక్క ఈ చిత్రాన్ని తారుమారు చేస్తుంది. ఒకసారి వ్యాధికి లోనైన తర్వాత అది వదలకుండా ఏళ్ల తరబడి వెంటాడడం తెల్లవారిలో 38.6 శాతం మందికి జరగగా, ఆఫ్రికన్ అమెరికన్లలో 56.5 శాతం మందికి జరిగింది. వ్యాధి ఉన్నట్టు తేలిన ఆఫ్రికన్ అమెరికన్లలో ఏదో ఒక చికిత్స పొందినవారు 45 శాతమే కాగా, కరీబియన్ నల్లవారిలో ఆ సంఖ్య 24.3 శాతం దగ్గరే ఆగిపోయింది.

తక్కువ మందికి వచ్చే జబ్బు, వచ్చినవారిని ఎక్కువ కాలం ఎందుకు పట్టి పీడిస్తుందన్నది ఈ రంగంలో ఇప్పటికీ తెగని ప్రశ్న. కుంగుబాటు ప్రపంచమంతటా పురుషుల కంటే స్త్రీలలో ఎక్కువగా కనిపించే వ్యాధి కనుకనూ, వర్ణవివక్షతోపాటు స్త్రీగా ఎదురయ్యే వివక్షను కూడా భరించేది నల్లజాతి స్త్రీలే కనుకనూ, ఈ ప్రశ్న అందరికంటే వారినే సూటిగా తాకుతుంది. నల్లవారిలో వ్యాధి తక్కువగా కనబడడాన్ని పరిశోధకులు ‘నలుపు తెలుపుల వైపరీత్యం’ అని వ్యవహరిస్తారు. పేదరికం, వివక్ష, హింస, అకాల మరణాలు ఎక్కువగా ఉన్న చోట మానసిక వ్యాధులు కూడా ఎక్కువగా ఉండాలని సిద్ధాంతం చెబుతుంటే, సర్వేలు అందుకు భిన్నంగా మాట్లాడుతున్నాయి. ఇక్కడ తప్పు సిద్ధాంతానిదా, కొలతదా, లేక నల్లజాతి స్త్రీలకు నిజంగానే ఏదో ప్రత్యేకమైన రక్షణ ఉందా అన్న విషయంపై గత నలభై ఏళ్లలో వెలువడిన పరిశోధనలను పరిశీలిస్తే, సమాధానాల కంటే ముందు ప్రశ్న అడిగిన తీరునే శంకించవలసి వస్తుంది.

ఆ తీరుకు చరిత్ర ఉంది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రం తన తొలి దశాబ్దాలలో నల్లజాతి ప్రజలను ప్రధానంగా ‘తక్కువ తెలివి’ని నిరూపించే పరీక్షలకు వస్తువుగానే చూసింది, పరిశోధకులుగా వారిని దాదాపు లోపలికి రానివ్వలేదు. ప్రయోగశాలలో ఎలుక సైతం తెల్లదేనని వ్యంగ్యంగా సూచించే శీర్షికతో రాబర్ట్ గత్రీ 1976లో ప్రచురించిన చరిత్ర గ్రంథం ఈ బహిష్కారాన్ని వివరంగా నమోదు చేసింది. సిన్సినాటి విశ్వవిద్యాలయం నుంచి 1933లో డాక్టరేట్ పొందిన ఐనెజ్ బెవర్లీ ప్రాసర్, వేరుపరచిన పాఠశాలలలోనూ ఉమ్మడి పాఠశాలలలోనూ చదివే నల్లజాతి పిల్లల మనఃస్థితిని పోల్చి పరిశీలించారు. ఆ మరుసటి ఏడాదే ఆమె కారు ప్రమాదంలో మరణించారు. మేమీ ఫిప్స్ క్లార్క్ హోవార్డ్ విశ్వవిద్యాలయంలో తన మాస్టర్స్ పట్టా కోసం చేసిన పరిశోధన నుంచే, తర్వాతి కాలంలో భర్త కెనెత్ క్లార్క్‌తో కలిసి చేసిన ‘బొమ్మల పరీక్ష’లు పుట్టాయి. నల్ల బొమ్మ, తెల్ల బొమ్మ ముందుంచి ఏది మంచిదో చెప్పమని పిల్లలను అడిగిన ఆ పరీక్షలు, పాఠశాలలలో వర్ణవిభజన చెల్లదని సుప్రీంకోర్టు 1954లో ఇచ్చిన తీర్పులో ఆధారంగా నిలిచాయి. ప్రజల జ్ఞాపకంలో ఆ కీర్తి చాలాకాలం భర్తకే ఎక్కువగా దక్కింది. మేమీ క్లార్క్ మాత్రం 1946లో హార్లెమ్‌లో స్థాపించిన నార్త్‌సైడ్ బాలల కేంద్రంలో, పేద కుటుంబాల పిల్లలకు మానసిక వైద్యం అందించే పనిలో దశాబ్దాలపాటు కొనసాగారు.

శాస్త్రం ఎప్పుడైనా నల్లజాతి స్త్రీ వైపు ప్రత్యేకంగా చూసినా, ఆ చూపు ఆమె బాధను చూడలేదు. ఆమెలోనే లోపాన్ని వెతికింది. డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ ప్రభుత్వం కోసం 1965లో రాసిన నివేదిక, నల్లజాతి కుటుంబాల కష్టాలకు తల్లులు ఇంటి పెత్తనం వహించడమే ముఖ్యకారణాల్లో ఒకటని వాదించింది. భర్త లేకపోవడానికి, ఉన్నా ఉద్యోగం లేకపోవడానికి, ఇంటి బరువంతా ఒక్కతే మోయవలసి రావడానికి వెనకనున్న ఆర్థిక, చారిత్రక కారణాలను ఆ నివేదిక ప్రస్తావించకపోలేదు గాని, చదివినవారి మనసులో మిగిలింది మాత్రం ‘పెత్తనం చేసే తల్లి’ బొమ్మే. బానిసత్వ కాలం నుంచి వస్తున్న ఇటువంటి బొమ్మలు మూడింటిని కరోలిన్ వెస్ట్ 1995లో మనశ్చికిత్సకుల కోసం రాసిన వ్యాసంలో విడమరచి చూపారు. యజమాని ఇంట్లో తన బిడ్డలను మరచి వారి బిడ్డలను సాకే ‘మామీ’, ఎప్పుడూ కస్సుబుస్సులాడే ‘సఫైర్’, కామంతో నిండిన ‘జెజెబెల్’ అనే ఈ మూడు మూసలు చికిత్సకు వచ్చిన స్త్రీ తనను తాను చూసుకునే తీరులోకీ, ఎదుట కూర్చున్న చికిత్సకుడు ఆమెను అంచనా వేసే తీరులోకీ ఒకేసారి చొరబడతాయన్నది వెస్ట్ వాదన. అలసిపోయి గొంతు పెంచిన స్త్రీ మాటలో కోపాన్ని మాత్రమే విని, కుంగుబాటును వినకపోవడం అటువంటి చొరబాటుకు ఒక ఉదాహరణ.

న్యాయశాస్త్రం నుంచి వచ్చిన ఒక ఆలోచన ఈ రంగాన్ని మలుపు తిప్పింది. జనరల్ మోటార్స్ సంస్థ తమను తొలగించిన తీరుపై అయిదుగురు నల్లజాతి స్త్రీలు వేసిన దావాను 1976లో కోర్టు విచారించింది. ఆ సంస్థ నల్లజాతి పురుషులను కర్మాగారంలోకీ, తెల్లజాతి స్త్రీలను కార్యాలయంలోకీ ఎప్పటినుంచో తీసుకుంటోంది గాని, 1964కు ముందు నల్లజాతి స్త్రీలను తీసుకోలేదు. మాంద్యం వచ్చి సీనియారిటీ ప్రకారం ఉద్యోగాలు తీసేసినప్పుడు ముందుగా రోడ్డున పడింది వారే. జాతి, లింగ వివక్షలను కలిపి ఒకే ఫిర్యాదుగా స్వీకరించలేమని కోర్టు అన్నది. ఈ తీర్పును విశ్లేషిస్తూ కింబర్లే క్రెన్షా 1989లో ‘ఇంటర్‌సెక్షనాలిటీ’ అనే భావనను ప్రతిపాదించారు. రెండు వివక్షలు ఒకే మనిషి మీద పడినప్పుడు ఏర్పడే అనుభవాన్ని ఆ రెంటినీ విడివిడిగా లెక్కించి కూడితే పట్టుకోలేమని, అది వేరే తీరు అనుభవమని ఈ భావన సారాంశం. భారతదేశంలోనూ దళిత స్త్రీల అనుభవాన్ని చర్చించినవారిలో షర్మిలా రేగే 1998 నాటి తన ప్రసిద్ధ వ్యాసంలో నల్లజాతి స్త్రీవాదంతో సంభాషించారు. తెలుగులో గోగు శ్యామల సంకలనం చేసిన దళిత స్త్రీల రచనల గ్రంథం ‘నల్లపొద్దు’ చదివినవారికి ఈ తర్కం కొత్తగా తోచదు. అయితే కులం, వర్ణం ఒకటే అన్నంత దూరం ఆ పోలికను లాగడం మాత్రం రెండు చరిత్రలకూ అన్యాయమే.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఈ భావనను ప్రయోగాలలోకి తెచ్చిన తీరు ఆసక్తికరమైనది. ఐసిస్ సెటిల్స్ 2006లో 89 మంది నల్లజాతి స్త్రీలను పరిశీలించినప్పుడు, ‘స్త్రీ’ అనే గుర్తింపు కంటే, ‘నల్లజాతి వ్యక్తి’ అనే గుర్తింపు కంటే, ‘నల్లజాతి స్త్రీ’ అనే కలగలిసిన గుర్తింపుకే వారు ఎక్కువ ప్రాధాన్యం ఇచ్చారు. 2010లో అమాండా సెస్కో, మోనికా బియర్నాట్ జరిపిన ప్రయోగాలలో తెల్లజాతి వాలంటీర్లు, తాము ముందు చూసిన ముఖాలను గుర్తుపట్టడంలో నల్లజాతి స్త్రీల ముఖాల దగ్గరే ఎక్కువగా తడబడ్డారు. బృంద చర్చలో ఎవరు ఏమన్నారో గుర్తు తెచ్చుకోవలసి వచ్చినప్పుడు నల్లజాతి స్త్రీలు అన్న మాటలనే ఎక్కువగా ఇతరులకు ఆపాదించారు. సమావేశంలో తన మాట తనది కాకుండా పోయిందని ఒక స్త్రీ చెప్పుకుంటే అతిసున్నితత్వమని కొట్టిపారేసే అలవాటుకు ఈ ప్రయోగం ఇచ్చిన జవాబు చిన్నదే గాని గట్టిది. సూరినామ్ మూలాలున్న డచ్ పండితురాలు ఫిలోమినా ఎసెడ్ తన రచనలలో రూపొందించిన ‘లింగభరిత జాతివివక్ష’ అన్న భావనను ఆధారంగా చేసుకొని, జియోని లూయిస్, హెలెన్ నెవిల్ 2015లో ఒక కొలమానం తయారు చేశారు. రోజువారీ జీవితంలో ఎదురయ్యే చిన్నచిన్న అవమానాలను అది నాలుగు తరగతులుగా విభజిస్తుంది: జుట్టు, రంగు, ఒడ్డూపొడుగుల మీద పడే వ్యాఖ్యలూ కామపు చూపులూ మొదటివి, మాట వినిపించనివ్వకపోవడం, పక్కన పెట్టడం రెండోవి, ‘నువ్వు గట్టిదానివి, తట్టుకుంటావులే’ అన్న ధోరణి మూడోది, ‘ఎప్పుడూ కోపమే’ అన్న ముద్ర నాలుగోది. ఈ అవమానాలు ఎంత తరచుగా ఎదురైతే మానసిక క్షోభ అంత ఎక్కువగా ఉంటుందని ఆ కొలమానంతో చేసిన అధ్యయనాలు చూపుతున్నాయి.

ఆ మూడో తరగతే ఇవాళ ఈ రంగంలో అత్యధిక చర్చకు కేంద్రం. కష్టాన్ని నిబ్బరంగా మోసే నల్లజాతి స్త్రీ అన్న ఆదర్శం మీద మిషెల్ వాలెస్ 1979లోనే పుస్తకం రాసి తీవ్ర వివాదంలో చిక్కుకున్నారు. దానిని కొలవగల పరిశోధన వస్తువుగా మలచినవారు నర్సింగ్, మనస్తత్వ శాస్త్రాలు రెండింటిలోనూ శిక్షణ పొందిన షెరిల్ వుడ్స్-జిస్కోంబే. ఆమె 48 మంది ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలతో బృంద సంభాషణలు జరిపి, 2010లో ‘సూపర్‌ఉమన్ స్కీమా’ను ప్రతిపాదించారు. స్కీమా అంటే, లోకాన్నీ తననూ అర్థం చేసుకునేందుకు మనిషి మనసులో స్థిరపడిన అంతర్గత నమూనా. ఎప్పుడూ గట్టిగా కనబడాలన్న బాధ్యత, భావాలను అణచుకోవాలన్న బాధ్యత, ఎవరి మీదా ఆధారపడకూడదన్న పంతం, చేతిలో ఏమీ లేకపోయినా నెగ్గి తీరాలన్న పట్టుదల, తనకంటే ముందు ఇతరులకు సాయపడాలన్న తాపత్రయం ఈ నమూనాలోని అయిదు పాయలు. ఈ ఆదర్శాన్ని ఆ స్త్రీలు కేవలం భారంగా వర్ణించలేదన్నది తర్వాతి ప్రచారంలో మరుగునపడిన సంగతి. తల్లులూ అమ్మమ్మలూ తమకు నేర్పిన బతుకు ఉపాయంగా, కుటుంబాన్నీ సమాజాన్నీ నిలబెట్టిన బలంగా కూడా వారు దానిని చెప్పుకున్నారు; దాని మూల్యంగా నిద్రలేమినీ, ఒత్తిడికి తిండిని ఆశ్రయించడాన్నీ, తెగిన బంధాలనూ లెక్కపెట్టారు.

ఈ ద్వంద్వం తర్వాతి పరిశోధనల్లోనూ కొనసాగింది. రోక్సాన్ డొనోవన్, లిండ్సే వెస్ట్ 2015లో 92 మంది కళాశాల విద్యార్థినులపై చేసిన అధ్యయనంలో, ఈ ఆదర్శాన్ని ఒక మోస్తరుగా గాని బలంగా గాని నమ్మినవారిలో ఒత్తిడి పెరిగేకొద్దీ కుంగుబాటు లక్షణాలు పెరిగాయి. దానిని అంతగా పట్టించుకోనివారిలో ఆ సంబంధం కనబడలేదు. బర్క్‌లీకి చెందిన అమానీ అలెన్ బృందం శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాలలోని 208 మంది ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీలను పరిశీలించి 2019లో ప్రకటించిన ఫలితాలు మరింత చిక్కైనవి. ఆ బృందం చూసింది మనసు చెప్పిన మాటను కాదు, శరీరంలోని ‘అలోస్టాటిక్ లోడ్’ను; అంటే రక్తపోటు, చక్కెర, కొవ్వు, ఒత్తిడి హార్మోన్లు వంటి అనేక సూచికలను కలిపి, దీర్ఘకాలిక ఒత్తిడి దేహాన్ని ఎంత అరగదీసిందో చెప్పే కొలతను. గట్టిగా కనబడాలన్న బాధ్యత, భావాలను అణచుకోవడం అనే పాయలు జాతివివక్ష దేహంపై చూపే ప్రభావాన్ని తగ్గించినట్టు కనబడగా, ఎలాగైనా నెగ్గాలన్న పట్టుదల, ఇతరులకు సాయపడే తాపత్రయం అనే పాయలు దానిని పెంచాయి. భావాలను అణచుకోవడం అన్నివేళలా హానికరమని చెప్పే పాఠ్యపుస్తక సూత్రం ఇక్కడ పనిచేయలేదు. కోపం చూపితే ఉద్యోగం పోయే చోట కోపం దాచుకోవడం జబ్బు లక్షణం కాకపోవచ్చు. కాని అదే స్త్రీ ఇంటికి వచ్చి తోబుట్టువుల పిల్లల ఫీజులు, అనారోగ్యంతో ఉన్న తల్లి మందులు, చర్చి పనులు అన్నీ నెత్తిన వేసుకున్నప్పుడు, ఆ దాచుకున్నదాని వడ్డీ శరీరమే కట్టవలసి వస్తుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పుకోక తప్పదు. సూపర్‌ఉమన్ స్కీమాపై వెల్లువెత్తిన పరిశోధనలో గణనీయమైన భాగం, నల్లజాతి స్త్రీ ఆలోచనా సరళిని మార్చితే ఆమె బాధ తీరుతుందన్న దిశగా జారిపోతోంది. మొయినిహాన్ తల్లిలో పెత్తనాన్ని చూశాడు. ఈ పరిశోధన కూతురిలో మితిమీరిన నిబ్బరాన్ని చూస్తోంది. ఉద్దేశాలు పూర్తిగా వేరైనా, రెండుచోట్లా దృష్టి నిలిచేది స్త్రీ స్వభావం మీదే. సాయపడే తాపత్రయాన్ని తగ్గించుకొమ్మని ఆమెకు చెప్పేముందు, ఆ సాయం ఆమె చేయకపోతే చేసే వ్యవస్థ ఏదో చూపాలి.

శరీరం వైపు నుంచి ఈ ప్రశ్నను చాలా ముందే అడిగినవారు ఆర్లీన్ జెరోనిమస్. తెల్లజాతి తల్లులలో ఇరవయ్యేళ్లు దాటాక పుట్టిన బిడ్డలు టీనేజీ తల్లుల బిడ్డల కంటే ఆరోగ్యంగా ఉంటుండగా, నల్లజాతి తల్లులలో ఆ క్రమం తిరగబడడాన్ని గమనించి, ఆమె 1992లో ‘వెదరింగ్’ అనే పరికల్పనను ముందుకు తెచ్చారు. ఎండకూ వానకూ గాలికీ నిలిచిన గోడ పెచ్చులూడినట్టుగా, వివక్ష, లేమి, నిరంతర అప్రమత్తత కలిసి నల్లజాతి స్త్రీల దేహాలను అసలు వయసు కంటే ముందుగా ముదిరింపజేస్తాయన్నది దాని సారం. 2006లో జాతీయ ఆరోగ్య సర్వే సమాచారంతో ఆమె బృందం జరిపిన విశ్లేషణలో అలోస్టాటిక్ లోడ్ ఎక్కువగా ఉండే అవకాశం నల్లజాతి స్త్రీలకే అందరికంటే అధికమని తేలింది. పేదరికం లేని నల్లజాతి స్త్రీలు కూడా ఆ భారం నుంచి తప్పించుకోలేకపోయారు. 2010 నాటి మరో పత్రం, కణం విభజన చెందేకొద్దీ కురచబడే క్రోమోజోముల కొసలైన టెలోమియర్లను పరిశీలించి, 49-55 ఏళ్ల వయసులో నల్లజాతి స్త్రీల శరీరాలు అదే వయసు తెల్లజాతి స్త్రీల శరీరాల కంటే సుమారు 7.5 ఏళ్లు ఎక్కువ ముదిరి ఉన్నాయని అంచనా వేసింది. చదువు, జీతం పెరిగితే ఈ తేడా మాయమవుతుందన్న ఆశకు ఈ ఫలితాలలో పెద్దగా చోటు లేదు.

శరీరం ఇంత అరిగిపోతుంటే మనసుకు సంబంధించిన సర్వేలు ఎందుకు నిమ్మళంగా ఉన్నాయన్న ప్రశ్నకు అనేక సమాధానాలు వచ్చాయి. కుటుంబమూ స్నేహబంధాలూ, రక్తసంబంధం లేకున్నా అక్కగానో పిన్నిగానో వరుస కలుపుకునే ఆత్మీయులూ రక్షణ కవచంగా నిలుస్తారన్న నమ్మకం బలమైనది. డాన్ మౌజాన్ 2013, 2014లలో ఈ నమ్మకాన్ని నేరుగా పరీక్షించి, ఆ బంధాలు విలువైనవే అయినా వైపరీత్యాన్ని అవి వివరించలేవని చూపారు. జేమ్స్ జాక్సన్ బృందం 2010లో వేరే తీరు వాదన చేసింది: పరిమితమైన వనరుల మధ్య మనుషులు ఒత్తిడిని తట్టుకునేందుకు తిండినో పొగాకునో మద్యాన్నో ఆశ్రయిస్తారని, అవి తాత్కాలికంగా మనసును కాపాడి దీర్ఘకాలంలో శరీరాన్ని దెబ్బతీస్తాయని. వినడానికి అందంగా ఉన్న ఈ వాదన, ఇతర బృందాలు వేరే సమాచారంతో పరీక్షించినప్పుడు స్థిరంగా నిలవలేదు.

మిగిలిన అనుమానం కొలతల మీదికే వెళుతుంది. ఇళ్లకు వెళ్లి జరిపే సర్వేలకు జైళ్లలో, ఆశ్రయ కేంద్రాలలో, వీధులలో ఉన్నవారు చిక్కరు. మానసిక వ్యాధులను గుర్తించే ప్రామాణిక ప్రశ్నావళులు దుఃఖాన్ని, ఏడుపును, నిరాశను అడుగుతాయి. అలసటగా, ఒళ్లునొప్పులుగా, చిరాకుగా, విరామం లేని పనిగా బయటపడే కుంగుబాటును అవి తక్కువగా పట్టుకుంటాయి. ఏడవడానికి తీరిక లేదని చెప్పే స్త్రీని ‘ఈ వారంలో ఎన్నిసార్లు ఏడ్చారు?’ అని అడిగితే వచ్చే సున్నాను ఆరోగ్యంగా లెక్కించడం ఎంతవరకు సబబో ఆలోచించదగినది. ఇక వైద్యశాలలలో, నల్లజాతి రోగుల విషయంలో కుంగుబాటు వంటి మనోదశా వ్యాధులను తక్కువగా, స్కిజోఫ్రీనియాను ఎక్కువగా నిర్ధారించే ధోరణి దశాబ్దాలుగా నమోదవుతూనే ఉంది. అలాగని వైపరీత్యమంతా కొలత లోపమేనని కొట్టివేయడమూ తొందరపాటే. కోరీ కీస్ 2009లో జబ్బు లేకపోవడాన్ని కాక వికాసాన్ని, అంటే జీవితంలో అర్థం, ఎదుగుదల, ఇతరులతో అనుబంధం ఉన్నాయన్న భావనను కొలిచినప్పుడు, నల్లజాతివారు అనేక అంశాలలో తెల్లవారి కంటే మెరుగ్గా నిలిచారు. బాధా, జీవితేచ్ఛా ఒకే మనిషిలో పక్కపక్కనే ఉండగలవు. ఒకే గీత మీద ఒక కొసన జబ్బునూ మరో కొసన ఆరోగ్యాన్నీ ఉంచే పద్ధతికే ఈ స్త్రీలు లొంగడం లేదనుకోవడానికి కారణాలున్నాయి.

కుంగుబాటు విషయంలో నిమ్మళంగా కనబడే సర్వేలు తీవ్ర మానసిక గాయం దగ్గరకు వచ్చేసరికి స్వరం మార్చుకుంటాయి. హింస, ప్రమాదం వంటి అనుభవం తర్వాత పీడకలలూ ఉలికిపాట్లూ వదలని పీటీఎస్‌డీ అనే స్థితి, జీవితకాలంలో నల్లవారిలో 8.7 శాతం మందికి, తెల్లవారిలో 7.4 శాతం మందికి ఎదురైనట్టు ఆండ్రియా రాబర్ట్స్ బృందం 2011లో నివేదించింది. అట్లాంటాలో పేదలకు పెద్దదిక్కుగా ఉన్న గ్రేడీ ఆసుపత్రి ఇటువంటి గాయాలపై పరిశోధనకు ఒక ముఖ్యస్థానం. నెగార్ ఫానీ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనంలో, తీవ్ర మానసిక గాయాలను చవిచూసిన 55 మంది నల్లజాతి స్త్రీల మెదళ్లను స్కాన్ చేయగా, జాతివివక్షను ఎక్కువగా ఎదుర్కొన్నవారిలో భయం కలిగించే చిత్రాలను చూసినప్పుడు, భావాలను అదుపు చేసే, ప్రమాదాన్ని కనిపెట్టే భాగాలు ఎక్కువగా స్పందించాయి. నిత్యం కాపలా కాసే మెదడు అలసిపోతుందని పరిశోధకుల ఊహ. నమూనా చిన్నది కనుక దీనిని తుదిమాటగా తీసుకోనవసరం లేదు.

మాతృత్వం ఈ చర్చలో విడిగా చూడవలసిన ఘట్టం. అమెరికా ప్రభుత్వ లెక్కల ప్రకారం 2021లో ప్రతి లక్ష సజీవ ప్రసవాలకు నల్లజాతి తల్లులలో 69.9 మంది, తెల్లజాతి తల్లులలో 26.6 మంది మరణించారు. ప్రాణభయంతో మొదలయ్యే గర్భధారణ మనసును ఎలా తాకుతుందో ఊహించడం కష్టం కాదు గాని, దానికి అందే వైద్యం ఊహకంటే తక్కువ. న్యూజెర్సీలో పేదల కోసం నడిచే మెడికెయిడ్ బీమా పరిధిలోని తల్లుల రికార్డులను కేటీ కోజిమానిల్ బృందం పరిశీలించి 2011లో చెప్పిన ప్రకారం, ప్రసవం తర్వాత మానసిక చికిత్స మొదలుపెట్టినవారు తెల్లజాతి తల్లులలో 9 శాతం, నల్లజాతి తల్లులలో 4 శాతం. బీమా ఇద్దరికీ ఒకటే కనుక డబ్బొక్కటే అడ్డమన్న వాదన ఇక్కడ చెల్లదు.

ఈ చికిత్సాలోటును పరిశోధన చాలాకాలం ‘సిగ్గు’ అనీ ‘అపనమ్మకం’ అనీ పేరుపెట్టి రోగి ఖాతాలో వేసింది. మానసిక వ్యాధిని బయట చెప్పుకోవడానికి సంకోచం, ప్రార్థన మీద భరోసా నల్లజాతి స్త్రీలలో ఉన్నమాట నిజమే. కాని ఆ అపనమ్మకానికి ఆధారాలు లేకపోలేదు. ఆధునిక స్త్రీవైద్యానికి ఆద్యుడిగా కొనియాడబడిన జె. మేరియన్ సిమ్స్ 1840లలో అలబామాలో అనార్కా, లూసీ, బెట్సీ వంటి బానిస స్త్రీల మీద మత్తుమందు లేకుండా పదేపదే శస్త్రచికిత్సలు చేశాడు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులోని అతని విగ్రహాన్ని తొలగించింది 2018లో. వర్తమానానికి వస్తే, హెదర్ కుగెల్మాస్ 2016లో ప్రకటించిన ఒక క్షేత్ర ప్రయోగం కళ్లు తెరిపించేది. న్యూయార్క్‌లోని 320 మంది చికిత్సకులకు, యాసను బట్టీ పేరును బట్టీ జాతి, వర్గం తెలిసేలా, చికిత్స కావాలని కోరుతూ ఫోన్ సందేశాలు పంపగా, మధ్యతరగతి తెల్లవారిలో 28 శాతం మందికి, మధ్యతరగతి నల్లవారిలో 17 శాతం మందికి అపాయింట్‌మెంట్ దొరికింది. శ్రామికవర్గానికి చెందినవారిగా వినిపించినవారికి, జాతి ఏదైనా, 8 శాతమే. తలుపు తట్టినవారికి లోపలి నుంచి జవాబు రాకపోవడాన్ని తలుపు తట్టనివారి సంకోచంతో కలిపి లెక్కించినందువల్లే, చికిత్సాలోటు ఇంతకాలం సంస్కృతి సమస్యగా కనబడింది. 2015 నాటికి దేశంలోని మనస్తత్వ నిపుణులలో నల్లజాతివారు సుమారు 4 శాతమే ఉండడం కూడా ఈ లోటులో భాగమే.

చికిత్స అందినప్పుడు అది పనిచేస్తుందని జీన్ మిరండా బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం చాటింది. వాషింగ్టన్ శివార్లలో, తల్లీబిడ్డలకు పోషకాహారం ఇచ్చే కేంద్రాలు, కుటుంబ నియంత్రణ క్లినిక్‌ల ద్వారా, అధికభాగం నల్లజాతి, లాటినా స్త్రీలైన 267 మంది నిరుపేదలను ఎంచుకుని, కొందరికి మందులు, కొందరికి ఆలోచనల తీరును సరిదిద్దే సీబీటీ చికిత్స ఇచ్చి, మిగిలినవారిని మామూలు సేవలకు పంపారు. రెండు చికిత్సలూ మామూలు సేవల కంటే బాగా పనిచేశాయి. అయితే ఆ విజయం వెనక, పిల్లలను చూసుకునే ఏర్పాటు, రవాణా సౌకర్యం, విసుగులేకుండా మళ్లీమళ్లీ ఫోన్ చేసే సిబ్బంది ఉన్నారు. గ్రేడీ ఆసుపత్రిలో నడీన్ కాస్లో బృందం, భర్త లేదా సహచరుడి హింసకు గురై ఆత్మహత్యకు ప్రయత్నించిన ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీల కోసం ‘నియా’ అనే పది సమావేశాల బృంద చికిత్సను నల్లజాతి స్త్రీవాద దృక్పథంతో రూపొందించింది. దానిలో పాల్గొన్నవారిలో కుంగుబాటు త్వరగా తగ్గిందని, మళ్లీ హింస ఎదురైనప్పుడు ఆత్మహత్య ఆలోచనలు అంత తీవ్రంగా రాలేదని 2010 నాటి ఫలితాలు చెబుతున్నాయి. ఆందోళన రుగ్మతల మీద పనిచేసే ఏంజెలా నీల్-బార్నెట్, నల్లజాతి స్త్రీలు చర్చిలలో, క్లబ్బులలో ఎప్పటినుంచో నడుపుకుంటున్న ‘సిస్టర్ సర్కిల్’ కూడికలనే చికిత్సా వేదికలుగా మలచారు. నిపుణురాలు లేని ఊళ్లోనూ నడపగలిగినది కనుక ఈ చివరి పద్ధతి మీద మరింత శ్రద్ధ పెట్టడం అవసరం. పెద్ద ఎత్తున జరిగిన ప్రయోగాలు మాత్రం దీనిమీద తక్కువే.

శ్రేయస్సు గురించిన ఆలోచన విశ్వవిద్యాలయాల కంటే ముందు ఉద్యమాలలో పుట్టింది. బిల్లీ ఏవరీ చొరవతో 1983లో అట్లాంటాలోని స్పెల్‌మన్ కళాశాలలో జరిగిన నల్లజాతి స్త్రీల ఆరోగ్య సదస్సు నుంచి, స్త్రీలు గుంపుగా కూర్చుని తమ బతుకులను తామే విప్పి చెప్పుకునే స్వయంసహాయక బృందాలు దేశమంతటా విస్తరించాయి. క్యాన్సర్‌తో పోరాడుతూ ఆడ్రీ లార్డ్ 1988లో వెలువరించిన గ్రంథంలో, తనను తాను కాపాడుకోవడం రాజకీయ చర్యగా రూపొందింది. బెల్ హుక్స్ 1993లో రాసిన పుస్తకం ఆ చర్చను కొనసాగించింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలలో స్వీయసంరక్షణ సుగంధపు కొవ్వొత్తులుగా, వారాంతపు విహారాలుగా, సెల్‌ఫోన్ యాప్‌లుగా అంగట్లోకి వచ్చి, లార్డ్ మాటలోని రాజకీయం చాలావరకు ఆవిరైపోయింది. రెండు పూటలా ఉద్యోగం చేసే స్త్రీకి విశ్రాంతి తీసుకొమ్మన్న సలహా, సెలవుకు జీతం ఇచ్చే చట్టం లేనిచోట ఎంతమాత్రం పనికొస్తుందో కొలిచిన పరిశోధన అరుదు.

అధ్యయనాలలో ఎక్కువ భాగం కళాశాల విద్యార్థినులతోనో పట్టణ స్త్రీలతోనో, అదీ ఒకే సమయంలో నింపించిన ప్రశ్నావళులతోనో నడిచినవే. ఒత్తిడి ముందా, నిబ్బరం ముందా, కుంగుబాటు ముందా అని కాలక్రమంలో తేల్చగలిగినవి కొద్ది. దక్షిణాది పల్లెలలోని వృద్ధ స్త్రీలు, స్వలింగ ప్రేమికులు, నైజీరియా నుంచో హైతీ నుంచో వచ్చి స్థిరపడినవారు ‘నల్లజాతి స్త్రీ’ అన్న ఒకే గడిలో కలిసిపోతున్నారు. 1995లో బోస్టన్ విశ్వవిద్యాలయం 59,000 మందితో మొదలుపెట్టిన ‘బ్లాక్ ఉమెన్స్ హెల్త్ స్టడీ’ వంటి దీర్ఘకాలిక పరిశోధనలు ప్రధానంగా క్యాన్సర్, గుండె, ఊపిరితిత్తుల వంటి శారీరక వ్యాధుల వైపే మొగ్గాయి; అంత పెద్ద సమూహాన్ని, అంతకాలం, మనసు కోసం వెన్నంటిన అధ్యయనం ఇంకా జరగవలసే ఉంది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు తొలి ఆఫ్రికన్ అమెరికన్ అధ్యక్షురాలిగా జెసికా హెండర్సన్ డేనియల్ 2018లో పనిచేశారు. జాతివివక్షలో తమ శాస్త్రం పోషించిన పాత్రకు ఆ సంఘం 2021 అక్టోబరులో అధికారికంగా క్షమాపణ చెప్పింది. కరీబియన్ నల్లవారిలో చికిత్స పొందినవారి లెక్కగా విలియమ్స్ బృందం 2007లో చూపిన ఆ 24.3 శాతం వంటి అంకెలను మార్చేది మాత్రం చికిత్సా కేంద్రాలకు, ప్రసూతి వార్డులకు, సిస్టర్ సర్కిళ్లకు అందే నిధులే.